గిర్ని గదిలో కుట్టుమిషన్లు

లచ్చవ్వ ఇంటి పక్కన ఒక గది ఉంది. అది గిర్ని గది. ఇరవై ఏండ్లు ఆ గిర్ని ఊరందరికీ పిండి పట్టింది. జొన్నలు, మక్కలు, బియ్యం, ఏది తెచ్చినా పట్టింది. లచ్చవ్వ భర్త పోయాక గిర్ని నడిపేవారు లేరు. రెండేండ్లుగా అది మూలకు పడి ఉంది. మోటారు దుమ్ము పట్టింది. గోడకు స్టార్టరు అలాగే ఉంది. గోడ వెంట లావు తీగలు అలాగే ఉన్నాయి. కనెక్షన్ తీయించలేదు. బిల్లు మాత్రం కడుతూనే ఉన్నారు.

లచ్చవ్వ కోడలు సరోజ. ఆమెకు కుట్టుపని వచ్చు. పొదుపు సంఘంలో అప్పు తీసుకుంది. నాలుగు కుట్టుమిషన్లు కొన్నది. వాటికి చిన్న మోటార్లు పెట్టించింది. బడి పిల్లల డ్రెస్సులు కుట్టే పని వచ్చింది. పదిహేను రోజుల్లో కుట్టి ఇవ్వాలి. ముగ్గురు ఆడవాళ్లు తోడు వస్తామన్నారు.

మిషన్లు ఎక్కడ పెట్టాలి? ఇంట్లో చోటు లేదు. గిర్ని గది ఖాళీగా ఉంది. గదిలో కరెంటు ఉంది. కానీ ప్లగ్గు లేదు. అదే చిక్కు.

రెండు అంకెలు

పక్కింటి మల్లేశం వచ్చాడు. పొలాల దగ్గర మోటార్లు విప్పడం, బిగించడం అతనికి అలవాటు. స్టార్టరు మూత తీశాడు. లోపలికి మూడు లావు తీగలు వచ్చాయి. ఇంకో ఆకుపచ్చ తీగ మోటారు ఒంటికి బిగించి ఉంది. మల్లేశం టెస్టరు పెట్టి చూశాడు. మూడు తీగల్లోనూ టెస్టరు వెలిగింది.

"వదినా, మూడింట్లో కరెంటు ఉన్నది. ప్లగ్గుకు రెండు తీగలు చాలు. ఏవో రెండు పట్టుకొని బోర్డు బిగిస్త. గంట పని" అన్నాడు.

లచ్చవ్వ రాత్రి బడిలో చదువు నేర్చుకుంది. అక్షరాలు, అంకెలు ఎక్కడ కనిపించినా చదువుతుంది. బస్సు మీద చదువుతుంది. మందు సీసా మీద చదువుతుంది. ఆ రోజు మోటారు మీది రేకును కొంగుతో తుడిచింది. కూడబలుక్కుని చదివింది.

"మల్లేశం, దీని మీద 415 వోల్టులు అని ఉన్నది. కుట్టుమిషన్ మోటారు మీద 230 అని ఉన్నది. అంకెలు వేరువేరుగ ఎందుకున్నయి బిడ్డా?"

మల్లేశం చేయి ఆగింది. కొంచెం సేపు ఆలోచించాడు.

"నిజమే పెద్దమ్మా. గిర్నిది మూడు ఫేజుల కరెంటు. రెండు ఫేజులు కలిపితే నాలుగొందల వోల్టులు వస్తది. మిషన్లు కాలిపోతుండె."

లచ్చవ్వ ఆ అంకె చదవకపోతే అప్పు తెచ్చిన మిషన్లు ఆ పూటే కాలిపోయేవి.

వెలిగింది, కానీ...

మల్లేశం ఇంకో ఉపాయం ఆలోచించాడు. ఒక తీగ ఫేజు నుంచి తీసుకున్నాడు. రెండో తీగను ఆకుపచ్చ తీగకు కలిపాడు. సన్న తీగతో గోడకు ఒక ప్లగ్గు బోర్డు బిగించాడు. బల్బు పెట్టి చూశాడు. వెలిగింది. ఫ్యాను పెట్టాడు. తిరిగింది. మిషన్ పెట్టాడు. టకటకా నడిచింది. సరోజ ముఖం విప్పారింది.

సాయంత్రం సరోజ బిడ్డ గదిలోకి వచ్చింది. ఎనిమిదేండ్ల పిల్ల. ఆడుకుంటూ గిర్ని మోటారు మీద చేయి వేసింది. వెంటనే చేయి లాగేసుకుంది.

"నాయనమ్మా! గిర్ని జుమ్మంటున్నది!"

గిర్ని రెండేండ్లుగా నడవడం లేదు. దానికి కరెంటు తీగలు విప్పేసి ఉన్నాయి. మరి జుమ్మని ఎందుకు అంటుంది? లచ్చవ్వ ఒక్క మాట మాట్లాడలేదు. లేచి పోయి మెయిన్ స్విచ్ దించేసింది.

సరోజకు దిగులు పట్టుకుంది. "అత్తమ్మా, పని ఆగితే ఎట్ల? పదిహేను రోజులే ఉన్నయి. చెప్పులు ఏసుకొని కుడుతం. గిర్నిని ఎవరూ ముట్టం" అంది.

"డ్రెస్సులు ఆలస్యమైతే మాట పడుతం. మనిషి పోతే ఏం జేస్తం?" అంది లచ్చవ్వ. ఆ రాత్రి గది తలుపుకు తాళం వేసింది.

వైర్‌మన్ చెప్పిన మూడు తప్పులు

మరునాడు యాదగిరిని పిలిచారు. అతను లైసెన్సు ఉన్న వైర్‌మన్. గదంతా చూశాడు. మీటరు దగ్గర చూశాడు. బయట ఎర్త్ గుంత చూశాడు. తర్వాత అందరినీ కూర్చోబెట్టి చెప్పాడు.

"కరెంటును నీళ్లతో పోల్చి చూడండి. చెరువులో నీళ్లు ఎంత ఎత్తున ఉంటే తూము దగ్గర అంత ఒత్తిడి ఉంటది. కరెంటులో ఆ ఒత్తిడే వోల్టులు. కాలువలో ఎన్ని నీళ్లు పారుతున్నయో అది ఆంపియర్లు. ఇంటి సామానుకు 230 వోల్టులు కావాలె. దీనికంటే చాలా ఎక్కువైతే కాలిపోతయి."

ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ఇలాంటి గదికి నాలుగు తీగలు వస్తాయి. మూడు ఫేజులు. ఒకటి న్యూట్రల్. ఫేజుల రంగులు ఎరుపు, పసుపు, నీలం. న్యూట్రల్ రంగు నలుపు. ఎర్త్ తీగ వేరే. దాని రంగు ఆకుపచ్చ. పాత ఇండ్లలో ఈ రంగులు తారుమారుగా ఉండవచ్చు. అందుకే రంగును మాత్రమే నమ్మకూడదు. పరీక్షించి తేల్చుకోవాలి.

ఒక ఫేజుకూ, న్యూట్రల్‌కూ మధ్య 230 వోల్టులు ఉంటుంది. ఇంట్లో దీపాలకు, ఫ్యాన్లకు ఇదే వస్తుంది. ఒక ఫేజుకూ, ఇంకో ఫేజుకూ మధ్య దాదాపు 400 వోల్టులు ఉంటుంది. పాత మోటార్ల మీద 415 అని రాసి ఉంటుంది. ఊళ్లలో దీన్నే 440 కరెంటు అంటారు.

కరెంటు పోయిన దారి ఉంటే తిరిగివచ్చే దారి కూడా ఉండాలి. బల్బులోకి ఫేజు తీగ నుంచి పోతుంది. న్యూట్రల్ తీగ నుంచి తిరిగివస్తుంది. మూడు ఫేజుల మోటారు సంగతి వేరు. అందులో ఒక ఫేజులో పోయిన కరెంటు మిగతా ఫేజుల్లో తిరిగివస్తుంది. దానికి న్యూట్రల్ అక్కరలేదు. అందుకే గిర్ని స్టార్టరు దాకా న్యూట్రల్ తీగ వేయలేదు. అది మీటరు బోర్డు దగ్గరే ఆగిపోయింది.

"మొదటి తప్పు, రెండు ఫేజులు కలపాలని చూడడం. దాన్ని పెద్దమ్మ ఆపింది" అన్నాడు యాదగిరి. "రెండో తప్పు, ఎర్త్ తీగను న్యూట్రల్ లెక్క వాడడం. ఇది ఇంకా చెడ్డది. ఎందుకంటే తప్పు అని కనబడదు. దీపం వెలుగుతది. మిషన్ నడుస్తది. అంతా బాగున్నట్టే ఉంటది."

"మరి గిర్ని జుమ్మని ఎందుకన్నది?" అని సరోజ అడిగింది.

ఎర్త్ తీగ మోటారు ఒంటికి బిగించి ఉంది. స్టార్టరు పెట్టెకు కూడా బిగించి ఉంది. మామూలుగా ఆ తీగలో కరెంటు పారకూడదు. ఎక్కడైనా తీగ తెగి ఇనుముకు తగిలితే, ఆ కరెంటును భూమిలోకి దించడానికే అది ఉంది. మల్లేశం ఆ తీగకు ప్లగ్గు కలిపాడు. బల్బులో నుంచి, ఫ్యానులో నుంచి వచ్చిన కరెంటు అంతా ఆ తీగలోకి వచ్చింది. అది ఎర్త్ గుంతలోకి దిగాలి. గుంతలో రెండేండ్లుగా ఎవరూ నీళ్లు పోయలేదు. మట్టి ఎండి బిగుసుకుపోయింది. కరెంటు సరిగా దిగలేకపోయింది. తీగ మీద నిలిచింది. ఆ తీగ తగిలిన ప్రతి ఇనుప సామానులోకీ ఎక్కింది.

"అమ్మాయికి జుమ్మని మాత్రమే అన్నది. గుంత దగ్గర ఆ తీగ తెగిపోయి ఉంటే, మొత్తం 230 వోల్టులు గిర్ని మీద ఉండేది" అన్నాడు యాదగిరి.

గదిలో అందరూ మౌనంగా ఉండిపోయారు. సరోజ బిడ్డను దగ్గరకు తీసుకుంది. మల్లేశం తల వంచుకున్నాడు. "వెలిగింది కదా, సరిపోయింది అనుకున్న అన్నా" అన్నాడు.

"చాలామంది అట్లనే అనుకుంటరు. వెలగడం వేరు. భద్రంగా వెలగడం వేరు" అన్నాడు యాదగిరి.

మూడో తప్పు: సన్న తీగ, పెద్ద ఫ్యూజు

గిర్ని మోటారు 10 హార్స్‌పవర్‌ది. నడిచేటప్పుడు ఒక్కో ఫేజులో దాదాపు 14 ఆంపియర్లు తీసుకుంటుంది. మొదలయ్యేటప్పుడు అంతకు కొన్ని రెట్లు లాగుతుంది. అందుకే గిర్ని బోర్డులో 32 ఆంపియర్ల ఫ్యూజులు పెట్టారు. గిర్నికి అవి సరైనవే. దాని తీగలు కూడా లావుగా ఉన్నాయి.

మల్లేశం ఆ లావు తీగకు సన్న తీగ కలిపాడు. ఫ్యూజు మాత్రం పాతదే ఉంచాడు.

ఫ్యూజు ఎందుకు పెడతారు? సామానును కాపాడడానికి అని చాలామంది అనుకుంటారు. ముందుగా అది కాపాడేది తీగను. పెద్ద కాలువ నీళ్లను పిల్లకాలువలోకి వదలాలంటే మధ్యలో తూము కట్టుకుంటాం. తూము లేకపోతే పిల్లకాలువ గట్టు తెగుతుంది. ఫ్యూజు కూడా అలాంటిదే. సన్న తీగ ఎంత మోయగలదో అంత కరెంటునే పోనివ్వాలి. ఎక్కువైతే తానే తెగిపోవాలి.

32 ఆంపియర్ల ఫ్యూజు ఉందనుకోండి. సన్న తీగలో 25 ఆంపియర్లు పారినా అది తెగదు. తీగ మాత్రం కాలుతుంది. పైపొర కరుగుతుంది. నిప్పు లేస్తుంది. ఆ గదిలో ఉండేది బట్టల మూటలు.

యాదగిరి చెప్పిన ఈ మాటను లచ్చవ్వ పలక మీద రాసుకుంది:

"లావు తీగకు చిన్న ఫ్యూజు పెట్టవచ్చు. సన్న తీగకు పెద్ద ఫ్యూజు పెట్టరాదు."

లెక్క చేసి చూశారు

"గదిలో ఏమేం పెడతరు? ఒక్కొక్కటి చెప్పండి" అన్నాడు యాదగిరి. లచ్చవ్వ రాసింది. సరోజ కూడింది.

నాలుగు మిషన్ల మోటార్లు. ఒక్కోటి 100 వాట్లు. మొత్తం 400.
రెండు ఫ్యాన్లు. ఒక్కోటి 75 వాట్లు. మొత్తం 150.
నాలుగు ఎల్‌ఈడీ ట్యూబులు. ఒక్కోటి 20 వాట్లు. మొత్తం 80.
ఒక ఇస్త్రీ పెట్టె. 1000 వాట్లు.
అన్నీ కలిపితే 1630 వాట్లు.

వాట్లను 230తో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. 1630ని 230తో భాగిస్తే 7 కన్నా కొంచెం ఎక్కువ. అంటే దాదాపు 7 ఆంపియర్లు. చిన్న ప్లగ్గు 6 ఆంపియర్లది. అన్నీ ఒకే ప్లగ్గుకు తగిలిస్తే దానికి బరువు ఎక్కువ. వేడెక్కుతుంది. వేరువేరు దారులు చేస్తే ఏ చిక్కూ లేదు.

గదిలో పని ఎలా జరిగింది?

ముందుగా సరోజ కరెంటు ఆఫీసుకు పోయింది. గిర్నికి తీసుకున్న కనెక్షన్‌ను ఇంకో పనికి వాడకూడదు. చెప్పకుండా వాడితే 2003 విద్యుత్ చట్టం ప్రకారం తప్పు. ఆ చట్టంలో 126వ సెక్షన్ దీని గురించే చెబుతుంది. డబ్బు కట్టాల్సి వస్తుంది. గిర్ని ఆపేశామని, కుట్టుపని పెట్టుకుంటున్నామని, ఇక ఒక ఫేజు చాలని సరోజ అర్జీ రాసి ఇచ్చింది. అర్జీ కింద లచ్చవ్వ సంతకం పెట్టింది. కనెక్షన్ ఆమె పేరు మీదే ఉంది.

ఆఫీసు వాళ్లు వచ్చి మార్పు చేశారు. మీటరు సీలును వాళ్లే విప్పారు. వాళ్లే వేశారు. ఇంకెవరూ దాన్ని ముట్టకూడదు.

తర్వాత యాదగిరి పని మొదలుపెట్టాడు. మెయిన్ దించాడు. కరెంటు లేదని పరీక్షించాడు. స్టార్టరు తీసేశాడు. గిర్ని మోటారును బయట పెట్టించాడు. మీటరు బోర్డు నుంచి గదికి కొత్తగా నల్ల తీగ వేశాడు. అది న్యూట్రల్. ఫేజు తీగ ఎంత లావుందో అదీ అంతే లావు. న్యూట్రల్‌కు విడిగా ఫ్యూజు పెట్టలేదు. న్యూట్రల్ ఒక్కటే తెగిపోతే సామాను ఆగుతుంది. కానీ తీగల్లో కరెంటు అలాగే ఉంటుంది. ఆగింది కదా అని ముట్టుకుంటే ప్రమాదం.

పాత లావు తీగను ప్లగ్గులోకి నేరుగా పెట్టలేదు. చిన్న ప్లగ్గు రంధ్రంలో అది పట్టదు. కొందరు లావు తీగలో సగం పోగులు కోసి లోపలికి దూరుస్తారు. అక్కడ తీగ బలహీనమై వేడెక్కుతుంది. అందుకే గోడకు ఒక పెట్టె బిగించాడు. లావు తీగ ఆ పెట్టె దాకా వచ్చి ఆగింది. పెట్టెలో చిన్న ఎంసీబీలు పెట్టాడు. ఎంసీబీ కూడా ఫ్యూజు పనే చేస్తుంది. కరెంటు ఎక్కువైతే దానంతట అదే పడిపోతుంది. అక్కడి నుంచి సన్న తీగలు మొదలయ్యాయి.

దీపాలకు, ఫ్యాన్లకు ఒక దారి. 6 ఆంపియర్ల ఎంసీబీ.
మిషన్లకు ఒక దారి. 6 ఆంపియర్ల ఎంసీబీ.
ఇస్త్రీ పెట్టెకు పెద్ద ప్లగ్గు. 16 ఆంపియర్ల ఎంసీబీ.

మొదటి రెండు దారులకు 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వేశాడు. ఇస్త్రీ ప్లగ్గుకు 2.5 వేశాడు.

పెట్టెలో ఇంకో పరికరం కూడా పెట్టాడు. దాని పేరు ఆర్‌సీసీబీ. దాని మీద 30 మిల్లీ ఆంపియర్లు అని రాసి ఉంది. ఫేజులో పోయిన కరెంటు అంతా న్యూట్రల్‌లో తిరిగివస్తున్నదా అని అది చూస్తూ ఉంటుంది. మనిషి ఒంట్లో నుంచి కొంత భూమిలోకి పోతే లెక్క తగ్గుతుంది. రెప్పపాటులో కరెంటు ఆపేస్తుంది. ఎర్త్ తీగను న్యూట్రల్‌గా వాడినా అది పడిపోతుంది. పడిపోయినప్పుడు కొందరు విసుగుతో దాన్ని తీసేస్తారు. అది ప్రాణం కాపాడే గంట. గంట మోగిందని గంటను పీకేయకూడదు.

చివరికి ఎర్త్ గుంత బాగు చేశాడు. కొత్త తీగ కట్టాడు. ప్రతి ప్లగ్గుకూ ఎర్త్ కలిపాడు. మూడు కాళ్ల ప్లగ్గులో పెద్ద కాలు ఎర్త్‌కే. దాన్ని విరగ్గొట్టకూడదు.

ఇదంతా అయ్యే వరకు సరోజ, తోటి ఆడవాళ్లు ఊరికే కూర్చోలేదు. మిషన్లను వసారాలో పెట్టుకున్నారు. మోటార్ల బెల్టులు తీసి కాళ్లతో తొక్కి కుట్టారు. డ్రెస్సులు రెండు రోజులు ఆలస్యమయ్యాయి. మాట కూడా పడ్డారు. కానీ తర్వాతి పని మళ్లీ వాళ్లకే వచ్చింది.

మన ఇండ్లలో కూడా ఇంతే

గిర్ని అన్ని ఇండ్లలో ఉండదు. నీళ్లు కాచే గీజరు, ఏసీ ఉన్న ఇండ్లు చాలా ఉన్నాయి. వాటికి వేసిన దారిలో పెద్ద ఎంసీబీ ఉంటుంది. ఆ ప్లగ్గు ఖాళీగా ఉందని సన్న తీగ బోర్డు తగిలించి టీవీ, ఫ్యాను, పొయ్యి అన్నీ నడుపుతుంటారు. సన్న తీగ కాలుతున్నా పెద్ద ఎంసీబీ పడదు. అలాంటి చోట ముందు ఎంసీబీ మార్పించాలి. లేదా సొంత ఫ్యూజు ఉన్న బోర్డు వాడాలి. బోర్డు మీద రాసిన ఆంపియర్లు చదవాలి.

ఎవరికైనా కరెంటు తగిలితే

ఆ మనిషిని ముట్టుకోవద్దు. ముందు మెయిన్ దించాలి. దించడం వీలుకాకపోతే, ఇంటి కరెంటు అయితే, పొడిగా ఉన్న చోట నిలబడి పొడి కర్రతో తీగను తప్పించాలి. బయట స్తంభం తీగ తెగిపడితే దగ్గరకే పోవద్దు. 1912కు ఫోన్ చేయాలి. మనిషికి దెబ్బ తగిలితే 108కి ఫోన్ చేయాలి. ఊపిరి ఆడకపోతే రొమ్ము మధ్యలో రెండు చేతులతో గట్టిగా, వేగంగా నొక్కుతూ ఉండాలి. అంబులెన్సు వచ్చే దాకా ఆపవద్దు.

గుర్తుంచుకోండి

సామాను మీద రాసిన వోల్టులు చదివాకే కరెంటు పెట్టాలి.
రెండు ఫేజులను ఇంటి ప్లగ్గుకు కలపరాదు.
ఎర్త్ తీగ న్యూట్రల్ కాదు.
తీగను బట్టి ఫ్యూజు. సామాను బలాన్ని బట్టి కాదు.
బోర్డు పని లైసెన్సు ఉన్నవారితోనే చేయించాలి.

చెప్పండి

1. లచ్చవ్వ చదివిన రెండు అంకెలు ఏమిటి? చదవకపోతే ఏమయ్యేది?
2. దీపం వెలిగినా ఆ పని తప్పు అని యాదగిరి ఎందుకు అన్నాడు?
3. కరెంటు పొయ్యి 2000 వాట్లది. 2000ను 230తో భాగించండి. ఆ పొయ్యిని 6 ఆంపియర్ల ప్లగ్గుకు పెట్టవచ్చా?
4. మీ ఇంట్లో ఎర్త్ గుంత ఎక్కడ ఉంది? దానిలో నీళ్లు పోసి ఎన్నాళ్లయింది? ఈ రోజే చూసి రండి.